అరవై రెండు చుక్కలు

"ఆ తువ్వాలు ఎందుకే? ఆసుపత్రిలో ఇస్తారుగా," అంది పెద్దక్క.

"వాళ్ళ తువ్వాళ్ళు గరుగ్గా ఉంటాయి. పోయినసారి ఆయన మెడంతా ఒరుసుకుపోయింది," అంది చిన్ని, సంచి జిప్పు లాగుతూ.

పోయినసారి అన్న మాట ఇద్దరికీ తగిలింది. ఇద్దరూ తగలనట్టే ఊరుకున్నారు. ఈసారి అంటూ ఒకటి వస్తుందని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకోలేదంటే పూర్తిగా నిజం కాదు. ఒక మనిషి అనుకుంది.

బాత్రూంలో కుళాయి ఆగకుండా పారుతోంది. లోపల చిన్ని మొగుడు నోరు పుక్కిలిస్తున్నాడు. మూడు రోజులుగా జ్వరం. ఈ ఉదయం పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు మొదలైంది.

"ఏమండీ, ఆగిందా?"

"ఆగుతోందిలే. లిఫ్టులో నూనె కారినా ఇంతే. కాసేపు కారి, విసుగొచ్చి ఆగిపోతుంది."

"ఈయనకి అన్నిటికీ లిఫ్టులే," అని చిన్ని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తలుపుకి నుదురు ఆనించి నిలబడింది.

పేరుకి చిన్ని గానీ నలభై మూడేళ్ళ మనిషి. అక్కకంటే బెత్తెడు పొడవు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఎక్కడ ఏ లిఫ్టు మొరాయించినా అతనే వెళ్ళాలి, సొంత ఇంటికి మాత్రం నాలుగంతస్తులూ మెట్లే. రెండేళ్ళ కిందట అతని రక్తానికి జబ్బు చేసినప్పుడు, మెట్లెక్కలేడని పెద్దక్క ఇద్దర్నీ తన ఫ్లాటుకి తెచ్చేసుకుంది. ఏడాది మందులతో జబ్బు లొంగింది. మూడు నెలల కిందట ఎముక మూలుగ పరీక్షలో ఏమీ లేదని తేలింది కూడా. ఆ రిపోర్టు మీద సంతకం పెద్దక్కదే.

"అక్కా, రేపు మళ్ళీ మూలుగ తీస్తారట. అది నువ్వే చూడాలి. ఇంకొకళ్ళ చేతిలో పెట్టడానికి వీల్లేదు."

"మా ల్యాబ్‌లో ఆ పద్ధతి లేదు చిన్నీ. సొంతవాళ్ళది సొంతవాళ్ళు చూడకూడదు."

"పోయినసారి చూశావుగా!"

"తప్పు చేశాను."

"ఏం తప్పు? సొంత మరిదిది నువ్వు చూడకపోతే దారిన పోయేవాళ్ళు చూస్తారా? నీ పద్ధతులేవో సోమవారం డైరెక్టరయ్యాక చూసుకో. ఇది మా ప్రాణం."

పెద్దక్క మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకి ఈ మూడు రోజుల్లో బాగా అలవాటయింది.

"ఏమిటా మౌనం? నీకు భయమేస్తోందా?" అంది చిన్ని గొంతు తగ్గించి.

"నువ్వు బయల్దేరు. నేను ల్యాబ్‌కి వెళ్ళి సాయంత్రానికి వస్తాను."

"మాకంటే ఆ మిషనే ఎక్కువైపోయింది నీకు. ఎప్పుడూ అంతే," అంటూ చిన్ని సంచి భుజాన వేసుకుంది. ఈ మాట ఏడాదికి ఇరవైసార్లు అనేదే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే మిషను ఒప్పుకోలేదని పెద్దక్క చెప్పే జవాబు కూడా పాతదే. ఇవాళ మాత్రం ఆవిడ ఆ జవాబు చెప్పలేదు.

మరిది బయటికొచ్చాడు. పెదవి మీద దూది అదిమి పెట్టుకుని ఉన్నాడు. చొక్కా బొత్తాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పడ్డాయి. చిన్ని వాటిని విప్పి, సరిగ్గా పెట్టి, చెంప మీద ఒకసారి చెయ్యేసి తీసింది.

"వదినా, వెళ్ళొస్తాం. ఇంట్లో బల్బు మారుస్తానన్నాను, మర్చిపోలేదు," అన్నాడు అతను.

లిఫ్టు తలుపు మూసుకునేదాకా పెద్దక్క గుమ్మంలోనే నిలబడింది.

* * *

ల్యాబ్‌లో అందరూ ఆవిడకి మామూలుకన్నా ఎక్కువ గౌరవంగా దారి ఇచ్చారు. సోమవారం నుంచి సంస్థ మొత్తానికీ ఆవిడే డైరెక్టరు. ఎవరో అప్పుడే గోడమీద రంగు కాగితాలు అంటించారు. తలుపుకి కొత్త పేరుపలక బిగించడానికి రంధ్రాలు కూడా వేసేశారు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇదే ల్యాబ్‌లో ఆవిడ ట్యూబులు కడిగే పనిలో చేరింది. కణాలు చదివే సైటోమీటరు మిషను అప్పట్లో బీరువా అంత ఉండేది. దాని దగ్గరికి డాక్టర్లనే రానిచ్చేవారు. ఈవిడ తుడవడానికి వెళ్ళి, తుడిచినంతసేపూ చూసేది. సన్నటి నీటిధారలో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజరు వెలుగు ముందు నుంచి పోతుంటే, ఒక్కో కణం తెరమీద ఒక చుక్కయి పడేది. ఏ రంగు మందు ఏ కణానికి అంటుతుందో, ధారలో పూడిక పడితే మిషను చప్పుడు ఎలా మారుతుందో, ఎవరూ నేర్పకుండానే చెవితో పట్టేసింది. ఒకరోజు పెద్ద డాక్టరు గంటసేపు కుస్తీ పట్టి వదిలేసిన మిషనుని ఈవిడ సూదితో బాగుచేసింది. ఆ సాయంత్రమే ఆయన, "చదువుతావా?" అని అడిగాడు.

చదివింది. పని చేస్తూ చదివింది, చెల్లెల్ని చదివిస్తూ చదివింది. డాక్టరేటు వచ్చేసరికి ముప్ఫై ఆరేళ్ళు నిండాయి. నలభై ఆసుపత్రుల టెక్నీషియన్లు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నారు. ఆవిడ వాళ్ళందరికీ మొదటిరోజు చెప్పేది ఒకటే మాట.

"జబ్బు చుక్కల చుట్టూ గీత గీసి, లోపల పడ్డవి లెక్కపెట్టడమే మన పని. గీత ముందు, లెక్క తర్వాత. లెక్క చూశాక గీత ముట్టుకున్నారో, నా గుమ్మం తొక్కకండి."

నవ్వుతూ చెప్పేది కాదు. నాలుగేళ్ళ కిందట ఒక టెక్నీషియను రెండు ట్యూబులు తారుమారు చేశాడు. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాడు. పొరపాటుకి కాదు, దాచినందుకని చెప్పి పెద్దక్క అతన్ని పనిలోంచి తీసేసింది. అతను వాకిట్లో నిలబడి ఏడ్చాడు. ఆవిడ మనసు మార్చుకోలేదు. ల్యాబంతా శభాష్ అంది. నాకైతే అతనెక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా ఆవిడ కనుక్కుని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

గదిలో శిష్యురాలు ఎదురుచూస్తోంది. పెద్దక్క చేతికింద పదేళ్ళుగా పెరిగిన పిల్ల. సోమవారం నుంచి ఈ ల్యాబ్ ఆ పిల్లదే. పెద్దక్క రాగానే లేచి తలుపు వేసింది.

"మేడం, రేపటి శాంపిల్‌తో పోల్చాలి కదా అని మీ మరిదిగారి పాత ఫైలు తెరిచాను."

"తెరవాల్సిందేగా."

"అందులో రెండు గీతలున్నాయి మేడం."

పెద్దక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు గీసినవి అన్నీ టైముతో సహా దాచిపెడుతుంది కదా మిషను. పదకొండు నలభైకి ఒకటి. అందులో అరవై రెండు చుక్కలున్నాయి. పదకొండు యాభై రెండుకి ఇంకొకటి." శిష్యురాలు గొంతు సవరించుకుంది. "అందులో ముప్ఫై ఎనిమిది."

ఐదు లక్షల కణాలు చదివితే అందులో జబ్బు చుక్కలు యాభై దాటాయా, జబ్బు ఉన్నట్టు. యాభై లోపుంటే, కనపడలేదని రాస్తారు. యాభై అన్న హద్దు పెట్టిన కమిటీకి అధ్యక్షురాలు కూడా ఈవిడే.

తెరమీద రెండు గీతలూ పక్కపక్కన ఉన్నాయి. వాటి మధ్య తేడా వెంట్రుకవాసి. బయటివాళ్ళు చూస్తే రెండూ ఒకటే అంటారు.

"ఆ వారం రంగు మందు కొత్త సీసా తెరిచాం మేడం," అంది శిష్యురాలు, ఆవిడ మొహంకేసి చూడకుండా. "రంగు కాస్త వెలిసిందని, అందుకని మొదటి గీత సరిగ్గా పడలేదని రాయొచ్చు."

"రంగు వెలిసిందా?"

"లేదు."

"మరెలా రాస్తావు?"

"నేను రాస్తాను. నా పేరుమీదే రాస్తాను. మీరు ఆ కుర్చీలో లేకపోతే ఈ ల్యాబ్‌ని రెండేళ్ళలో మూసేస్తారు మేడం. ఆ సంగతి మీరే చెప్పారు." ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఒక్క గీత. మీరు జీవితమంతా గీసిన వాటిలో ఒక్కటి."

పెద్దక్క గుండె ఒక్కక్షణం ఆ మాటల వెంట పోయింది. పోలేదని నేను రాస్తే అబద్ధమవుతుంది. రంగు వెలిసింది అన్న రెండు మాటలు రాస్తే చాలు. పేరుపలక బిగుస్తుంది, చిన్ని తనని అక్కా అని పిలుస్తూనే ఉంటుంది.

"సవరణ కాగితం తీసుకురా," అంది.

"మేడం..."

"మొదట ఎవరు సంతకం చేశారో వాళ్ళే సవరించాలి, ఆ రోజే రోగికి తెలియజేయాలి. ఆ రూలు రాసింది ఎవరు?"

"మీరే."

"తీసుకురా మరి. రెండు గీతల టైమూ వెయ్యి."

కాగితం వచ్చింది. కారణం అని ఉన్నచోట పెద్దక్క కలం చాలాసేపు ఆగింది. చివరికి, లెక్క చూసిన తర్వాత గీత జరిపాను, అని రాసి సంతకం చేసింది. సంతకం ఎప్పటిలాగే వచ్చింది. అదే ఆవిడకి విచిత్రంగా అనిపించింది.

"ఇది ఆఫీసుకీ, వార్డు డాక్టరుకీ సాయంత్రం ఆరింటికి పంపు. కాగితం అందగానే డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళి చెప్తాడు. ఆ లోపల మా వాళ్ళకి నేనే చెప్పాలి."

శిష్యురాలు కాగితం తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది. "నాకు ఈ పని నేర్పింది మీరు మేడం," అంది.

* * *

వార్డులో మరిది దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేశారు. చిన్ని రక్తం పాకెట్టు కోసం కిందికి వెళ్ళిందట.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది వదినా. ఈ మంచం మీట నొక్కితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది. మోటారు మాత్రం మూలుగుతోంది. నర్సుకి చెప్పాను, నా పెట్టె తెచ్చుకుంటే పది నిమిషాల్లో సరిచేస్తానని. పడుకోమంది."

"పడుకో మరి."

"డాక్టరొచ్చి వెళ్ళాడు. రక్తంలోనే కనపడుతోందట. మళ్ళీ వచ్చిందన్నాడు." అతను దుప్పటి అంచు సర్దుకున్నాడు. "నాకొక సందేహం వదినా. ఇది ఎప్పటినుంచి లోపల ఉండి ఉంటుంది?"

పెద్దక్క అతని వెనక దిండు సర్దింది.

"అలా చెప్పడం... కష్టం."

"మీకే కష్టమైతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని నవ్వాడు. "నా అనుభవం చెప్తాను వినండి. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి మొదట ఎంతసేపు పడుతుందో నిజం చెప్పాలి. ఇరవై నిమిషాలంటే కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. రెండు నిమిషాలని చెప్పి ఇరవై చేశామా, బయటికొచ్చాక కొడతారు. నన్నొకసారి కొట్టారు కూడా. అప్పట్నుంచి నేను అబద్ధం చెప్పలేదు."

"ఎవరు కొట్టారు?"

"ఒక ముసలావిడ. గొడుగుతో."

పెద్దక్క నవ్వింది. నవ్వుతూంటే ఆ నవ్వు దగ్గులోకి దిగింది. అతను నీళ్ళగ్లాసు అందించబోయాడు. సూది ఉన్న చెయ్యి అది, నొప్పికి మొహం ముడుచుకున్నాడు.

"ఏమైనా ఈ మూడు నెలలు బాగా గడిచాయి వదినా. పధ్నాలుగు లిఫ్టులు బాగుచేశాను. చిన్ని రాత్రిళ్ళు నిద్రపోయింది. రెండేళ్ళుగా అది నిద్రపోవడం నేను చూడలేదు. గురక కూడా పెడుతుంది, దానికి చెప్పకండి."

ఇప్పుడు చెప్పాలి, అనుకుంది పెద్దక్క. నోరు తెరిచింది కూడా.

చిన్ని లోపలికొచ్చింది. "గురక ఎవరు పెడతారు?" అంది.

"మీ అక్క," అన్నాడు అతను.

చిన్ని మొగుడి నుదుటిమీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది. తర్వాత అక్క మొహంలోకి చూసింది.

"బయటికి రా," అంది.

* * *

వార్డు బయట వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానికి కాలు విరిగి, దానికింద ఇటుక పెట్టారు. కిటికీలోంచి కింద అంబులెన్సులు నిలిపే చోటు కనపడుతోంది. గోడగడియారం ఐదుంబావు చూపిస్తోంది.

"పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఏదో దాస్తున్నావు," అంది చిన్ని. "డాక్టరు నీకేం చెప్పాడు? ఎన్నాళ్ళన్నాడు?"

"డాక్టరు ఏం చెప్పలేదు," అంది పెద్దక్క ఒక కుర్చీలో కూర్చుంటూ. "నేనే చెప్పాలి. కూర్చో."

"నిలబడే వింటాను."

"పోయినసారి నేనిచ్చిన రిపోర్టు తప్పు చిన్నీ. జబ్బు అప్పటికే లోపల ఉంది."

చిన్ని కూర్చుంది. ఇటుక పెట్టిన కుర్చీలోనే కూర్చుంది, అది ఒకపక్కకి ఒరిగినా చూసుకోలేదు.

"అప్పుడే తెలిస్తే ఏమయ్యేది?"

"మీ ఆయన అన్నగారి మూలుగ సరిపోయిందిగా. వెంటనే మూలుగ మార్పిడికి వెళ్ళేవాళ్ళం. ఒంట్లో బలముండేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ముందు జబ్బుని అణచాలి. ఆ మందులు తట్టుకోవాలి. తట్టుకుంటే అప్పుడు మార్పిడి."

"తేడా ఎంత?"

పెద్దక్కకి అంకెలు చెప్పడం అలవాటే. ఈ అంకె మాత్రం నోట్లోంచి రాలేదు.

"ఎంతక్కా?"

"బతికే వీలు సగానికి సగం తగ్గింది."

కింద ఒక అంబులెన్సు వెనక్కి వెళ్తూ కూత వేసింది. అది ఆగేదాకా చిన్ని కదల్లేదు. తర్వాత మెల్లగా లేచి అక్క దగ్గరికొచ్చింది. పెద్దక్క దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకుంది.

చిన్ని అక్క తల తన పొట్టకి ఆనించుకుంది.

"ఊరుకో," అంది. "లక్షల చుక్కల్లో వెతకాలన్నావు కదా. కళ్ళు అలిసిపోయి ఉంటాయి. నువ్వూ మనిషివే. నేనే వెంటపడి నీచేత చూపించాను. పరాయివాళ్ళకిచ్చి ఉంటే... ఆ పాపం నాది. నీది కాదు. ఏడవకు, నువ్వు ఏడిస్తే నాకు కాళ్ళాడవు."

ఇంతటితో ఆగిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పినట్టే, క్షమాపణ దొరికినట్టే. కాగితంలో రాసింది చిన్ని ఎప్పటికీ చదవకపోవచ్చు. చెల్లెలి చెయ్యి తల నిమురుతూ ఉంటే పెద్దక్కకి అలాగే ఉండిపోవాలనిపించింది. ఆ చెయ్యే భరించలేని బరువయింది.

"కళ్ళు అలిసిపోలేదు," అంది, ఆ చెయ్యి పట్టుకుని దింపుతూ. "కనపడ్డాయి."

"ఏం కనపడ్డాయి?"

"చుక్కలు. అరవై రెండు. లెక్కపెట్టాను. పన్నెండు నిమిషాలు వాటినే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో నువ్వు ఫోన్ చేశావు. పనికెళ్ళడానికి ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడని చెప్పావు. ఫోన్ పెట్టేశాక గీత జరిపాను."

చిన్నికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమవుతున్నకొద్దీ మొహంలో రంగు దిగిపోయింది.

"తెలిసే?"

"తెలిసే. నెల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను, అప్పుడు చెప్తాను అనుకున్నాను. నెల తిరిగేసరికి మీరిద్దరూ నవ్వుతూ తిరుగుతున్నారు. ఇంకో నెల అనుకున్నాను."

"ఎందుకు చేశావు?"

"అమ్మ పోయిన కబురు నీకు చెప్పింది నేనే. బడి గేటు దగ్గర. నీకు తొమ్మిదేళ్ళు. అప్పుడు నీ మొహం ఎలా అయిందో నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఇంకోసారి ఆ మొహం చూడలేకపోయాను."

"చూడలేకపోయావు," అంది చిన్ని. "అయితే నా కోసం కాదన్నమాట. నీ కోసం."

పెద్దక్క ఖాళీ కుర్చీ కింద ఉన్న ఇటుకకేసి చూసింది.

"ఆ మధ్యాహ్నం నువ్వే ఫోన్ చేశావు. ఏమీ లేదే చిన్నీ అని చెప్పి ఏడ్చావు. వెక్కివెక్కి ఏడ్చావు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నావనుకున్నాను. నేనూ నీతో కలిసి ఏడ్చాను కదే."

అక్కని ఎప్పుడూ నువ్వు అనే చిన్ని, కదే అని మాత్రం ఇంతవరకూ అనలేదు. అలా అన్నట్టు తనూ గమనించలేదు.

గడియారంలో పావు తక్కువ ఆరు.

"ఆయనకి నేనే చెప్తాను. ఇప్పుడే," అంది పెద్దక్క లేస్తూ. "ఆరింటికి కాగితం పంపుతారు. అది వచ్చాక డాక్టరే చెప్పేస్తాడు. అంతకుముందే..."

"కూర్చో."

"చెప్పాలి చిన్నీ."

"నువ్వు చెప్పడానికి వీల్లేదు. నువ్వు చెప్తే ఆయన అక్కడికక్కడే క్షమించేస్తాడు. క్షమించి, నిన్ను నవ్వించి, ఇంటికి దింపే మనిషినెవరినైనా చూడమంటాడు. ఆయన సంగతి నాకు తెలుసు." చిన్ని మొహం రెండు చేతులతో గట్టిగా తుడుచుకుంది. "నాకది ఇష్టం లేదు. నిన్నెవరూ క్షమించడం నాకు ఇష్టం లేదు."

"మరి..."

"ఆ కాగితం ఆపు."

"ఏమిటీ?"

"ఆపమంటున్నాను. రేపు మూలుగ తీసేదాకా, మందులు మొదలయ్యేదాకా ఆయనకి తెలియకూడదు. తెలిస్తే ఆయనలో ధైర్యం చచ్చిపోతుంది. నువ్వు ఆపగలవు. సోమవారం నుంచి అందరికీ పెద్దదానివి నువ్వే."

"సరిగ్గా ఇదే అనుకుని నేను గీత జరిపాను చిన్నీ."

"నాకు పాఠాలు చెప్పకు! మూడు నెలలు నోరు మూసుకున్నదానివి, ఇంకో వారం మూసుకోలేవా? నాకు బాకీ ఉన్నావు నువ్వు. ఇదొక్కటి చెయ్యి. ఆ తర్వాత నిన్నేమీ అడగను. నీ మొహం కూడా చూడను."

లోపల్నుంచి మరిది గొంతు వినిపించింది. "చిన్నీ, మీ అక్కకి టీ అయినా ఇప్పించావా, ఊరికే మాటలేనా?"

"వస్తున్నానండీ," అంది చిన్ని. గొంతు ఎంత మామూలుగా వచ్చిందంటే పెద్దక్క ఉలిక్కిపడింది.

చిన్ని లోపలికెళ్ళింది. తలుపు దానంతటదే మూసుకుంది. తలుపుకి పైసగం అద్దం. అద్దంలోంచి చిన్ని మంచం పక్కన కూర్చోవడం, గంజి గిన్నె చేతిలోకి తీసుకుని చెంచాతో తాగించడం కనపడుతోంది. మరిది ఏదో అన్నాడు. చిన్ని నవ్వింది.

చేతిలో ఫోను మోగింది.

"మేడం, ఆరయింది," అంది శిష్యురాలు. "చెప్పేశారా?"

"చెల్లెలికి చెప్పాను."

"ఆయనకి?"

పెద్దక్క అద్దంలోకి చూసింది. చిన్ని ఈవిడ చెవి దగ్గరున్న ఫోను చూసింది. మొగుడికి కనపడకుండా, తల కొద్దిగా అడ్డంగా ఊపింది. బతిమాలుతున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని ఇంకోసారి ఊపింది. బడి గేటు దగ్గర ఎలా ఉందో ఇప్పుడూ ఆ మొహం అలాగే ఉంది.

"మేడం? పంపనా, ఆపనా?"

చుట్టూ ఎవరూ లేరు. ఆపమంటే ఆ పిల్ల ఆపేస్తుంది, కారణం కూడా అడగదు.

"మేడం..."

"పంపు," అంది పెద్దక్క.

అద్దం అవతలికి మాట వినపడదు. పెదవుల కదలిక మాత్రం కనపడింది. చిన్ని గిన్నె పక్కన పెట్టి, లేచి వచ్చి, అద్దానికి ఉన్న తెర లాగేసింది.